మీకు తెలుసా? బొబ్బిలి యుద్ధం రెండుసార్లు జరిగింది!

రాజు పాలిస్తే మేలా? ఎర్రజెండా ఎగిరితే మేలా? ఓటేస్తే మేలా? ఎక్కడెక్కడో వెతక్కండి. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు అన్నీ చూసేశారు! కాస్త దగ్గరికి జరగండి, చెబుతా.

1757 జనవరి 24. ఫ్రెంచి ఫిరంగుల దెబ్బకు బొబ్బిలి కోట కూలింది. ఇది బుర్రకథల్లో విన్నదే! మరి రెండో బొబ్బిలి యుద్ధం సంగతో? సరిగ్గా 180 ఏళ్లకు, 1937 ఎన్నికల్లో జరిగింది! బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని. అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లెక్క! ఎదురు నిలబడింది కార్మిక నాయకుడు వి.వి. గిరి. ఆయన వెనక కోటా లేదు, ఫిరంగులూ లేవు. గెలిచింది మాత్రం గిరే! అదీ రాజుగారి సొంత గడ్డ మీద! పోయింది పదవే, తల భద్రం! ఆ వంశం వాళ్లు తర్వాత మళ్లీ అసెంబ్లీకి వెళ్లారు. అదీ ఇంటింటికీ తిరిగి ఓట్లు అడుక్కునే!

ఇంకా వెనక్కి వెళ్దామా? కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారని అశోకుడే రాయి మీద చెక్కించాడు. కుమిలిపోయానన్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద కూడా ఆ మాట ఉంది! మరి కళింగంలో? బరంపురం అవతల, జౌగడలో అశోకుడి శాసనాలున్నాయి. ఆ ముక్క మాత్రం లేదు! ఊరందరికీ చెప్పుకున్నవాడు, దెబ్బతిన్నవాళ్ల ముందు నోరు మెదపలేదు! తప్పు ఒప్పుకోవడానికి కూడా చోటు చూసుకోవాలేమో!

ఒక మహారాజు పెళ్లిళ్లు లెక్కపెట్టించాడు! విజయనగరం మహారాజు. డబ్బు పుచ్చుకుని ఆడపిల్లనిచ్చిన బ్రాహ్మణ పెళ్లిళ్లు అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లకు ఎన్ని తేలాయో చెప్పండి. 1,034! అందులో ముగ్గురు పెళ్లికూతుళ్లకు ఏడాది వయసు! అవును, ఉయ్యాల్లో పిల్లలే! గురజాడ ఈ లెక్కను ‘కన్యాశుల్కం’ మొదటి ముద్రణ ముందుమాటలో పెట్టారు. గిరీశం అందరికీ తెలుసు, ఈ అంకె ఎందరికి తెలుసు?

సోషలిస్టు రాజును చూశారా? విజయనగరంలో ఉండేవారు! పి.వి.జి. రాజు గారు. లోహియా జెండా పట్టిన గజపతి! 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి, కోటనే చదువులకు ఇచ్చేశారు. కత్తులు తిరిగిన చోట కాలేజీ గంటలు!

ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోతుందా? పడింది! 1954లో, మద్యనిషేధం గొడవలో, ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం! గీత కార్మికుల తరఫున గొంతెత్తింది ఎవరో తెలుసా? మన బారువ బిడ్డ, సర్దార్ గౌతు లచ్చన్న!

శ్రీకాకుళం కొండల్లో నక్సలైట్ల తుపాకులు మోగుతున్నాయి. అప్పుడే, 1970లో, ఒక చట్టం దిగింది. జనం నోట్లో దాని పేరు ‘వన్ ఆఫ్ సెవెంటీ’. ఏజెన్సీలో గిరిజనుడి భూమిని బయటివాడు కొనకూడదు. సరే, అది ఊహించగలం. అసలు వింత ముందుంది! గిరిజనేతరుడి భూమిని ఇంకో గిరిజనేతరుడు కూడా కొనకూడదు! చేతులు మారితే గిరిజనుడి చేతికే! ఎంత గట్టి కంచె! దానికీ కంతలు పెట్టినవాళ్లున్నారనుకోండి, అది వేరే కథ.

చివరగా అసలైన రహస్యం. మీకు ముఖ్యమంత్రులు ఎందరు? ఒక్కరేనా? సాలూరు అవతలి కొటియా కొండల్లో ఇద్దరు! 21 ఊళ్లు. ఆంధ్రా మావంటుంది, ఒడిశా మావంటుంది. 1968లోనే తగువు సుప్రీంకోర్టుకెక్కింది. ఇక్కడి జనం జేబులో రెండు ఓటరు కార్డులు! ఆంధ్రాకూ ఓటేస్తారు, ఒడిశాకూ ఓటేస్తారు! 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకు పరుగెత్తింది. మరి రేషన్ కార్డులో? అవీ రెండే! తగువు తెగేదాకా బియ్యం కొండకు అటునుంచీ వస్తాయి, ఇటునుంచీ వస్తాయి!