అతిథుల కొఱకు అంజూరపు తోట

మేడిపండును విప్పి చూచిన బాలురకు లోపలి చిన్న కీటకములు క్రొత్త కావు. ఆ మేడికి దగ్గరి చుట్టమే అంజూరము. దీని పూవులును పైకి కనబడవు, కాయలోనే దాగియుండును. తోట వేయువాడు ముందుగా ఈ మర్మమును తెలిసికొనవలెను. తెలియక నాటిన ఏమగునో అమెరికాలోని కాలిఫోర్నియా రైతులు ఎఱుగుదురు.

1880 తరువాత వారు నేడు ఇజ్మీర్ అనబడు స్మిర్నా ప్రాంతమునుండి పేరుపొందిన అంజూరపు కొమ్మలను తెప్పించి నాటిరి. చెట్లు ఏపుగా పెరిగెను, కాయలును పుట్టెను. కాని అవి పండకమునుపే రాలిపోయెను. ఏటేట ఇదే వరుస! స్మిర్నా జాతికి అడవి అంజూరపు పుప్పొడి కావలెను. ఆ అడవికాయలలో పెరుగు మిక్కిలి చిన్న కందిరీగ పుప్పొడితో వచ్చి, కాయ కొననున్న సన్నని రంధ్రమున దూరిననే గాని కాయ నిలువదు. 1899లో ఫ్రెస్నో పట్టణమునొద్ద రోడింగ్ అను తోట యజమాని తన తోటలో ఆ కీటకమును నిలుపగలిగెను. అంతవరకు చెట్లు పెంచినవారి శ్రమ యెంతయో ఊహింపదగును.

నేటికిని స్మిర్నా తోటలలో ఏటేట అడవికాయలను తెచ్చి కట్టవలసియున్నది. పెద్ద తోటలవారికి అది చెల్లును. రెండు మూడు ఎకరములు సాగుచేయుచు, వేసవిలో పట్టణములనుండి వచ్చు అతిథులవలన జీవించు కుటుంబమునకు అది భారము. అట్టివారికి ‘మిషన్’ అను నల్లని జాతి మేలు. దీనికి కీటకముతో పనిలేదు. మహారాష్ట్రమున పురందర ప్రాంతమున పండు పూనా రకమును ఇట్టిదే. మిషన్ చెట్టు ఏటికి రెండు కాపులు కాయును: గడచిన యేటి కొమ్మలపై జూన్ నెలాఖరున కొలదిగా, క్రొత్త కొమ్మలపై ఆగస్టునుండి విరివిగా. కావున ముందు వచ్చిన అతిథియు వట్టిచేతులతో మరలడు.

మఱియొక విశేషము. కోసిన పిమ్మట అంజూరము మాగదు. దూరపు అంగడికి పంపువారు గట్టితోలు పండ్లను వెదకి, కొంత ముందుగానే కోయుదురు. అతిథికి ఆ కొఱత యేల? తొడిమ వంగి, తోలు సన్నగా చిట్లి, కొనయందు తేనెచుక్క నిలిచిన పండును అతడు చెట్టుక్రిందనే తినును. అందుచే ఇట్టి తోటకు నిలువకంటె రుచియే ప్రధానము. మిగిలిన పండ్లతో మురబ్బా చేయదలచినవారు లేత పసుపువన్నె ‘కడోటా’ చెట్లు రెండు నాటుకొందురు.

చెట్లను కత్తిరించి, నిచ్చెన లేకయే అందునట్లు పెంచుట మంచిది. పచ్చికాయను త్రుంచిన పాలు కారి చర్మము మండును గాన, పిల్లలకు మొదట పండిన పండును గుర్తించుట నేర్పి, పిదపనే బుట్ట చేతికిత్తురు.