తుగ్లకాబాదు దారిలో

శరత్తు ప్రవేశించగానే మెహ్రౌలీ నుంచి బదర్‌పూర్ వైపు కారులో వెళ్లాను. కుడివైపు ఘియాసుద్దీన్ తుగ్లక్ ఎర్రరాతి సమాధి. ఎడమవైపు గుట్టమీద ఆ తురుష్క ప్రభువు కట్టించిన తుగ్లకాబాదు. 1323లో ఆయన కుమారుడు ఓరుగల్లును జయించి, ప్రతాపరుద్రుని బందీగా పంపినది ఢిల్లీకే. కాకతీయ ప్రభువు ఇక్కడికి చేరలేదు. దారిలో నర్మదాతీరాన కన్నుమూసినట్లు విలస తామ్రశాసనం చెబుతున్నది. మన పార్లమెంటు సభ్యులలో ఈ గుట్ట ఎక్కినవారిని నేనెరుగను.

హైకోర్టు ఆదేశంపై 2023లో కోట పరిధిలోని ఇళ్లను కూల్చారు. కోటను కాపాడవలసినదే, సందేహం లేదు. కాని ఆ ఇళ్లు ఒక్క రాత్రిలో లేచినవి కావు. పునాదులు తీసేనాడు అడ్డుపడవలసిన అధికారులెవరు? గడపగడపకూ వెళ్లి ఓట్లడిగిన పార్టీలేవి? బుల్‌డోజరు వచ్చేసరికి జవాబుదారులుగా మిగిలినది మాత్రం ఆ ఇళ్లలో ఉన్నవారే.