కోపం తగ్గాకే మాట్లాడదాం



ఈమధ్య స్లిప్ టెస్ట్‌లో మార్కులు తగ్గాయని మా ఆరో తరగతి బాబు ఒకడు పేపర్ చింపేశాడు. "వెంటనే సారీ చెప్పు" అని గద్దించాను. బెంచీని తన్ని ఏడ్చాడు. లంచ్ తర్వాత తనే వచ్చి, "సారీ మేడమ్, ఇంట్లో చూపించాలంటే భయమేసింది" అన్నాడు. ఉదయం ఆ మాట చెప్పే స్థితిలో తను లేడు. అది నేను గమనించలేదు.

కోపం వచ్చినప్పుడు మూత్రపిండాల పైనుండే గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది. ఈ మార్పులపై హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే పుస్తకం రాశారు. గొడవ ముగిసినా శరీరం వెంటనే మామూలు స్థితికి రాదు. పైగా, ఆవేశాన్ని అదుపుచేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదిగేది 20 ఏళ్లు దాటాకే. అందుకే పిల్లలకు మనకంటే కష్టం.

ఇంట్లో ఇలా చేసి చూడండి:

• ఆ క్షణంలో ప్రశ్నలు, పోలికలు వద్దు. కొట్టడం, విసరడం మాత్రం ఆపండి.

• మంచినీళ్లివ్వండి. ఊపిరి నెమ్మదిగా వదలమనండి. గుండె వేగం తగ్గుతుంది.

• తేరుకున్నాక "ఏమైంది నాన్నా?" అని అడగండి. తప్పును అప్పుడే సరిదిద్దించండి.

మనకు కోపమొచ్చినా ఇదే పద్ధతి. "నాకు కోపంగా ఉంది, పది నిమిషాలాగి మాట్లాడదాం" అని మీరంటే పిల్లలూ అదే నేర్చుకుంటారు. ఈ నెల ప్రోగ్రెస్ కార్డు ఇంటికొస్తోంది. సంతకం చేసే ముందు ఆ పది నిమిషాలు గుర్తుంచుకోండి.