పాత సామానుతో జెట్: గ్రాముల్లో తేలే లెక్క

టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్, విరిగిన గాలం కర్ర, పాత ఎక్స్‌రే ఫిల్మ్, మూలన పడ్డ ల్యాప్‌టాప్ బ్యాటరీ. ఈ నాలుగూ ముందేసుకుని రేడియో కంట్రోల్ జెట్ విమానం కట్టొచ్చా? మొదటి మూడూ బాగా పనికొస్తాయి. నాలుగోదాన్ని నమ్ముకుంటే మాత్రం విమానం చెయ్యి దాటి పది అడుగులు పోదు. ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, గుణకారం భాగహారం వస్తే చాలు.

2024లో విజయవాడ ఆకాశం బాగా సందడిగా గడిచింది. సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు నీళ్ల మధ్య చిక్కుకున్న ఇళ్లకు డ్రోన్లు ఆహార పొట్లాలు మోశాయి. అక్టోబరు 22న పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఒకేసారి లేచి 5 గిన్నిస్ రికార్డులు తెచ్చాయి. నవంబరు 9న అదే ఘాట్ నుంచి సీప్లేన్ శ్రీశైలం వెళ్లింది. ఇవన్నీ చూసిన కుర్రాళ్లు ‘మనమూ ఒకటి కడదాం’ అనుకోవడం సహజమే. అందులోనూ జెట్ అంటే మోజు ఎక్కువ. అయితే జెట్ అడిగే మూల్యం మామూలు విమానం అడిగేదానికంటే చాలా ఎక్కువ.

మంట లేని జెట్

ఈ జెట్‌లో కిరోసిన్ లేదు, మంట లేదు. విమానం కడుపులో ఒక గొట్టం, అందులో చిన్న ఫ్యాన్, దాన్ని తిప్పే బ్రష్‌లెస్ మోటారు, అంతే. ముందు నుంచి పీల్చిన గాలిని వెనక నుంచి జోరుగా వదులుతుంది. దీని పేరు ఎలక్ట్రిక్ డక్టెడ్ ఫ్యాన్, పొట్టిగా ఈడీఎఫ్. గొట్టంలో ఫ్యాన్ పెట్టాలన్న ఆలోచన పాతదే. ఇటలీలో స్టీపా-కాప్రోనీ అనే పీపాలాంటి విమానం 1932లోనే ఇలా ఎగిరింది. ఎయిర్‌బస్ వారి ఈ-ఫ్యాన్ అనే విద్యుత్ విమానం ఇలాంటి రెండు ఫ్యాన్లతో 2015 జులై 10న ఇంగ్లిష్ చానల్ దాటింది. ఇంట్లో కట్టే చిన్న విమానాల్లోకి ఈ పద్ధతి బాగా వచ్చింది మాత్రం బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ (లైపో) బ్యాటరీలు అందుబాటులోకి వచ్చాకే.

172 కిలోమీటర్ల గాలి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 64 మిల్లీమీటర్ల ఫ్యాన్ సరిపోతుంది. మధ్యలో మోటారు కూర్చునే 28 మిల్లీమీటర్ల డిప్ప తీసేస్తే గాలి పోయే దారి 26 చదరపు సెంటీమీటర్లు. ఈ ఇరుకు దారిలోంచి 700 గ్రాముల థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం, రాబట్టాలి.

వేసవి ఉదయం 30 డిగ్రీల దగ్గర, తేమతో నిండిన మన డెల్టా గాలి ఘనపు మీటరుకు సుమారు 1.15 కిలోలు తూగుతుంది. ఆ గాలితో 700 గ్రాముల థ్రస్ట్ రావాలంటే అది సెకనుకు 48 మీటర్లు, అంటే గంటకు 172 కిలోమీటర్ల వేగంతో బయటపడాలి. గాలికి ఆ వేగం ఇవ్వడానికే 165 వాట్లు కావాలి. ఫ్యాన్‌లో, మోటారులో, మోటారు వేగాన్ని నడిపే ఈఎస్సీలో వృథా అయ్యేది కూడా కలిపితే బ్యాటరీ ఇవ్వాల్సింది 365 వాట్ల దాకా ఉంటుంది. మూడు సెల్స్ బ్యాటరీ వోల్టేజీ 11.1. భాగిస్తే 33 ఆంపియర్లు.

అదే 700 గ్రాములను 8 అంగుళాల మామూలు ప్రొపెల్లర్‌తో తెస్తే గాలికి ఇవ్వాల్సింది 66 వాట్లే. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే చవక, కొద్ది గాలిని జోరుగా తోస్తే ఖరీదు. జెట్ రూపం కోసం రెండున్నర రెట్లు చెల్లిస్తున్నాం. ఈ 33 ఆంపియర్లనే గుర్తుపెట్టుకోండి, పాత సామాను జాతకమంతా ఇందులోనే ఉంది.

బరువు పద్దు

80 సెంటీమీటర్ల రెక్కలు, 1,800 చదరపు సెంటీమీటర్ల రెక్క వైశాల్యం ఉన్న విమానానికి పద్దు ఇలా వేసుకోవచ్చు:

- ఫ్యాన్, మోటారు: 105 గ్రాములు
- ఈఎస్సీ: 40
- 2,200 మిల్లీఆంపియర్-అవర్ల మూడు సెల్స్ లైపో బ్యాటరీ: 185
- మూడు సర్వోలు (తోకను, రెక్క పలకలను కదిపే చిన్న మోటార్లు): 30
- రిసీవర్, వైర్లు, ప్లగ్గులు: 35
- థర్మాకోల్ ఒళ్లు: 250
- రెక్కల్లో ఊత కర్ర: 30
- జిగురు, టేపు, రంగు: 75
- మొత్తం: 750 గ్రాములు

ఈ బరువుకు విమానం గాల్లో నిలబడాలంటే కనీసం గంటకు 32 కిలోమీటర్ల వేగం కావాలి. గట్టిగా విసిరితే ఆ వేగం చేతితోనే వస్తుంది. గొట్టంలో పోయే నష్టం తీసేశాక మిగిలే థ్రస్ట్ 600 గ్రాములు, అంటే బరువులో 80 శాతం. సుఖంగా ఎగురుతుంది.

ఇప్పుడు లైపో తీసేసి పాత ల్యాప్‌టాప్ సెల్స్ పెట్టి చూద్దాం. వాటిలో ఉండే 18650 సెల్ ఒక్కోటి సుమారు 45 గ్రాములు. గంటల తరబడి కొద్దికొద్దిగా కరెంటు ఇవ్వడానికి చేసిన సెల్ అది. దాన్నుంచి 4, 5 ఆంపియర్లకు మించి లాగకూడదు. 33 ఆంపియర్లు కావాలంటే ఎనిమిదేసి సెల్స్ పక్కపక్కన, అలాంటివి మూడు వరసలు, వెరసి 24 సెల్స్. 1,080 గ్రాములు! విమానం మొత్తం బరువు 1,645 గ్రాములకు చేరుతుంది. నిలబడే వేగం 47 కిలోమీటర్లకు పెరుగుతుంది, థ్రస్ట్ బరువులో 36 శాతానికి పడిపోతుంది. చేతితో విసిరి లేపే బరువు కాదది.

డ్రిల్లింగ్ మెషిన్ బ్యాటరీల సంగతి కాస్త నయం. వాటిలోని మంచి రకం సెల్స్ 20 ఆంపియర్ల దాకా ఇస్తాయి. ఆరు సెల్స్ చాలు, 270 గ్రాములు. అయితే ‘పాత’ అన్న మాటే ఇక్కడ కూడా దెబ్బ కొడుతుంది. వయసు మీరిన సెల్‌లో లోపలి నిరోధం పెరుగుతుంది. అది 60 మిల్లీఓమ్‌లకు చేరిందనుకోండి. సెల్‌కు 16.5 ఆంపియర్లు లాగితే ఒక్కో సెల్‌లో 1 వోల్టు లోపలే పోతుంది, 16 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. 11 వోల్టుల్లో 3 వోల్టులు మాయం. ఆ వేడి థర్మాకోల్ గోడల మధ్య, ఎటూ పోయే దారి లేకుండా ఉంటుంది.

పదో వంతు గ్రాము

ఈ ఫ్యాన్ నిమిషానికి 37,000 చుట్లు తిరుగుతుంది. రేకు కొస వేగం గంటకు 446 కిలోమీటర్లు. కొసకూ గొట్టం గోడకూ మధ్య ఖాళీ అర మిల్లీమీటరు అటూ ఇటూ. ఇరుసుకు ఒక పక్క 2 సెంటీమీటర్ల దూరంలో 0.1 గ్రాము బరువు ఎక్కువైందనుకోండి. ఆ వేగంలో అది 3 కిలోల బలంతో ఫ్యాన్‌ను ఒక పక్కకు లాగుతుంది. 1 గ్రాము తూగే రేకు తన మొదలు మీద వేసే లాగుడు 30 కిలోలు దాటుతుంది.

అందుకే సెకండ్‌హ్యాండ్ ఫ్యాన్ చేతికి వస్తే మొదట చేయాల్సింది రేకుల మొదళ్లను వెలుతురులో పెట్టి చూడటం. వెంట్రుక వాసి చీలిక కనిపించినా పక్కన పడేయాలి. జిగురు పెట్టి అతికిద్దామన్న ఆలోచనే వద్దు. చీలిక లేకపోతే ఇరుసును రెండు బ్లేడు అంచుల మీద ఆనించి తిప్పాలి. ప్రతిసారీ ఒకే రేకు కిందికి వచ్చి ఆగితే ఆ పక్క బరువు ఎక్కువ ఉన్నట్టు. ఎదుటి పక్క డిప్ప లోపల చిన్న టేపు ముక్క అంటించి మళ్లీ తిప్పాలి. ఏ రేకూ అదే పనిగా కిందికి రాకుండా ఉండేదాకా ఇదే పని. మొదటిసారి పూర్తి వేగంతో తిప్పేటప్పుడు ఫ్యాన్ పక్కన గానీ, విమానం ముక్కుకు ఎదురుగా గానీ కాకుండా దూరంగా వెనక నిలబడాలి.

పాత సామాను గెలిచే చోటు

ఆటోనగర్ ఉన్న విజయవాడలో పాత విడిభాగాన్ని చూసే కళ్లకు కొదవ లేదు. కాకపోతే అక్కడి లెక్క కిలోల్లో, ఇక్కడ గ్రాముల్లో.

ప్యాకింగ్ థర్మాకోల్ లీటరుకు 20 గ్రాముల దగ్గర తూగుతుంది. 250 గ్రాముల పద్దులో పన్నెండున్నర లీటర్ల సరుకు వస్తుంది. ఫ్లెక్సీ దుకాణాల్లో దొరికే పీవీసీ సన్‌బోర్డ్ నున్నగా, గట్టిగా ఉండి ఊరిస్తుంది. 5 మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు 2 కిలోల పైమాటే. అంటే రెక్క ఒక్కటే 360 గ్రాములు దాటి పద్దును మింగేస్తుంది.

రెక్కల్లో ఊతకు విరిగిన గాలం కర్రలోని బోలు ముక్క, లేదా పాత షటిల్ బ్యాట్ కార్బన్ కాడ భేషుగ్గా ఉంటుంది. సర్వో నుంచి తోకకు సైకిల్ చువ్వ. ఫ్యాన్ వెనక గొట్టానికి ఎక్స్‌రే ఫిల్మ్ సరిగ్గా అతికినట్టు సరిపోతుంది. ముందు వైపు చుట్టుకొలత 21.4 సెంటీమీటర్లు, వెనక వైపు 16.6 వచ్చేలా చుడితే బయటి నోరు 53 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే వైశాల్యంలో ఫ్యాన్ దారికి 85 శాతం. ఆ మాత్రం బిగిస్తేనే గాలికి వేగం వస్తుంది. ముందు నోటి అంచు మాత్రం గుండ్రంగా ఉండాలి. కత్తితో కోసినట్టు పదునుగా వదిలేస్తే గాలి మలుపు తిరగలేక థ్రస్ట్ పడిపోతుంది.

జిగురు దగ్గర జాగ్రత్త. ఫెవిక్విక్ లాంటి జిగుర్లు, థిన్నర్ కలిసిన రంగులు థర్మాకోల్‌ను తినేస్తాయి. తెల్ల ఫెవికాల్, ఎపాక్సీ, నీటి రంగులు క్షేమం.

పాత బొమ్మ కారు రిమోట్‌తో పని కానిచ్చేద్దామనుకునేవాళ్లకు ఇంకో లెక్క. అలాంటి రిమోట్ 50 మీటర్లు పనిచేస్తుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల విమానం ఆ దూరాన్ని 3 సెకన్లలో దాటేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో కొనక తప్పదు.

ఏ పొలం, ఏ వేళ

డెల్టాలో వరి కోతలయ్యాక చేలు ఖాళీగా ఉండవు, చాలాచోట్ల మినుము ఉంటుంది. అదీ తీశాక మార్చి నుంచి కాలవలకు నీళ్లొదిలేదాకా మైదానాలే. కోసిన చేలో కొయ్యకాళ్లు రెండు రకాలుగా శత్రువులు. దిగేటప్పుడు పొట్ట చీరేస్తాయి, ఎండు గడ్డి పరక ఫ్యాన్‌లోకి పోతే రేకులు ఎగిరిపోతాయి. దిగే చోట ఒక పాత టార్పాలిన్ పరిస్తే రెండు బాధలూ తగ్గుతాయి.

ఎగరేసే వేళ తెల్లవారే. మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీల దగ్గర గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల దగ్గర 700 గ్రాములిచ్చే ఫ్యాన్ అప్పుడు 640 మాత్రమే ఇస్తుంది. ఇంకో సంగతి: ప్రొపెల్లర్ గాలి తోక మీదుగా వీస్తుంది, ఈడీఎఫ్ గాలి గొట్టంలోంచే పోతుంది. అందుకే వేగం అందుకునేదాకా తోక మన మాట వినదు. విసిరిన వెంటనే ముక్కు పైకి లాగకూడదు.

బ్యాటరీలో 80 శాతమే వాడాలి. సగటున 20 ఆంపియర్లు లాగితే 5 నిమిషాలు. టైమర్ 4 నిమిషాలకు పెట్టి, మిగిలిన నిమిషం దిగడానికి ఉంచుకోవాలి.

గన్నవరానికి దూరంగా

750 గ్రాముల విమానం సెకనుకు 30 మీటర్ల వేగంతో పోతుంటే అందులో 337 జౌళ్ల శక్తి ఉంటుంది. గంటకు 140 కిలోమీటర్లతో దూసుకొచ్చే క్రికెట్ బంతిలో ఉండేది 121 జౌళ్లే. కాబట్టి జనం మీదుగా, రోడ్డు మీదుగా, కరెంటు తీగల పక్కన ఎగరేయకూడదు.

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు వీటికీ వర్తిస్తాయి. 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా ‘మైక్రో’ తరగతి. వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ లైసెన్సు అక్కర్లేదు. కంటికి కనిపించే దూరంలో, సరదాకో చదువుకో ఎగరేసే 25 కిలోల లోపు నమూనాకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి ఉంటుంది. విమానాశ్రయ ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపల ముందస్తు అనుమతి లేకుండా నేల వదలకూడదు. అంటే విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం చుట్టుపక్కల చేలను మరచిపోవాలి. గుడివాడ, పామర్రు వైపు చేలు దూరమే అయినా, బయల్దేరే ముందు ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కై పటంలో రంగు చూసుకోవాలి. రెడ్ జోన్ ఎప్పుడైనా ప్రకటించవచ్చు. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. పక్షుల మధ్యకు ఫ్యాన్‌ను పంపొద్దు.

లెక్కలన్నీ కూడితే తేలేది ఇదీ. కదలకుండా బరువు మోసేవన్నీ పాతవి వాడుకోవచ్చు: ఒళ్లు, ఊత కర్ర, గొట్టం, చువ్వలు. తిరిగేది, కరెంటు ఇచ్చేది, మాట మోసేది కొత్తవి కొనాలి: ఫ్యాన్, బ్యాటరీ, రేడియో. మొదటిసారి కట్టేవాళ్లు ముందు ప్రొపెల్లర్ విమానంతో ఒక వేసవి గడపండి. ఆ సర్వోలు, రిసీవర్ విప్పి జెట్‌లో పెట్టుకోవచ్చు. అన్నిటికంటే నమ్మదగిన పాత సామాను, మీరే వాడి చూసిన సామాను.