మామీ నదిలో వాలై చేపల వేట

"అమ్మా, పచ్చళ్ళు తేకపోయినా ఫరవాలేదు, కొత్త చింతపండు మాత్రం మర్చిపోకు" అంది మా అమ్మాయి ఫోనులో. దానికి అప్పుడు ఏడో నెల. ఏదీ నోటికి సయించడం లేదు, ధ్యాసంతా చేపల పులుసు మీదే. ధవళేశ్వరం ఆడపడుచుని, ఆ కోరిక ఎలాంటిదో నాకు తెలియదా? కిందటేడాది మార్చిలో పురుడుకని ఒహాయో రాష్ట్రంలోని టొలెడో వెళ్ళాను.

అక్కడ షాపులో దొరికే ఐసు చేప వండితే అమ్మాయి రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. నా ప్రాణం ఉసూరుమంది. అప్పుడు మా అల్లుడు "అత్తయ్యగారూ, ఆదివారం నదికి వెళ్దాం. ఇది వాలై సీజను" అన్నాడు.

ఈరీ అనే పెద్ద సరస్సు ఉంది. అమెరికా, కెనడా రెండింటికీ సరిహద్దు. మన పులస వరదనీటికి సముద్రం వదిలి గోదావరికి ఎదురెక్కినట్టు, వాలై చేపలు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ సరస్సు వదిలి మామీ నదిలోకి ఎదురెక్కుతాయి. మంచు కరిగి నీళ్ళు 6 నుంచి 10 డిగ్రీల దాకా వేడెక్కితే గులకరాళ్ళ మీద గుడ్లు పెడతాయి. ఒక్కో ఆడచేప లక్షల్లో పెడుతుందట! గూడూ లేదు, కాపలా ఉండదు. బతికి బట్టకట్టేవి ఏ కొన్నో. ఈ చేప కళ్ళు చీకట్లో పిల్లి కళ్ళలా మెరుస్తాయి. అందుకే మురికి నీళ్ళలోనూ దానికి చూపు బాగా ఆనుతుంది.

మేం సైడ్ కట్ అనే పార్కు దగ్గర దిగాం. తెల్లారి ఇంకా మంచు వీడలేదు. అప్పటికే తిరణాలలా జనం! ఆడవాళ్ళూ ఉన్నారండోయ్. అందరూ గుండెలదాకా వచ్చే రబ్బరు పంట్లాలు తొడుక్కుని, తొడల లోతు నీళ్ళలో వరసగా నిలబడ్డారు. జారిపడితే లోపలికి నీళ్ళు పోకుండా నడుముకి బెల్టు బిగించుకోవాలి. లైసెన్సు లేదు కాబట్టి నేను గాలం పట్టలేదు. ఫ్లాస్కులో టీ పట్టుకుని ఒడ్డున కూర్చున్నాను.

దారానికి ఒక సీసపు గుండు, దాని తర్వాత రెండడుగుల లోపు దారం, చివర తేలే గాలం, దానికి మెత్తని రబ్బరు తోక. ఇంతే సరంజామా! ప్రవాహానికి అడ్డంగా విసిరితే గుండు అడుగున రాళ్ళకు టకటకా తగులుతూ పోతుంది. ఆ టకటక ఆగి బరువు తగిలితే చేప పడ్డట్టు.

అల్లుడికి గంటకి మొదటి చేప పడింది. నేను సంచీ తెరిచేలోపే నీళ్ళలోకి వదిలేశాడు! గాలం నోట్లో కాకుండా రెక్కకి గుచ్చుకుందట. అలాంటివి వదిలెయ్యాల్సిందేనట. పదిహేను అంగుళాల కన్నా చిన్నది ఉంచుకోకూడదు, మనిషికి రోజుకి ఆరే, పొద్దు గుంకాక ఆ సీజనులో అక్కడ గాలం వెయ్యకూడదు. ఇన్ని ఆంక్షలా అని విసుక్కున్నాను.

తర్వాత రెండు మగచేపలు పడ్డాయి. మధ్యాహ్నానికి ఒక పెద్దది పడింది, చెయ్యంత పొడవు! కడుపు ఉబ్బి ఉంది. నా నోట్లో నీళ్ళూరాయి. జన ఉన్న చేపంటే మనవైపు ఎగబడి కొనమూ? ఉంచుకోవడానికి అడ్డేమీ లేదు. అల్లుడు నావంక చూశాడు.

అమ్మాయి డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. చేప పెద్దదయ్యేకొద్దీ, ముసలిదయ్యేకొద్దీ దాని ఒంట్లో పాదరసం ఎక్కువ చేరుతుందట. కడుపులో బిడ్డ మెదడుకి అది మంచిది కాదు. అదొక్కటే కాదు. ఇంట్లో నిండు చూలాలిని కూర్చోబెట్టి, ఈ చూలుచేపని కొయ్యడానికి నాకు చేతులు రాలేదు. "వదిలెయ్యండి బాబూ" అన్నాను. ఆయన దాన్ని నీళ్ళలో కాసేపు పట్టుకుని వదిలాడు. తోక కొట్టి వెళ్ళిపోయింది.

"పుస్తెలమ్మైనా పులస తినాలి" అంటూ గర్వంగా చెప్పుకుంటాం. గుడ్లు పెట్టడానికి వచ్చే చేపనే కదా మనం పట్టి తింటున్నది! ఇప్పుడు పులస వేలకు వేలు పలుకుతోంది, దొరకడమే గగనమైంది. ఆనకట్టలు ఒక కారణమైతే, మన జిహ్వ ఇంకో కారణం. ఒడ్డున విసుక్కున్న ఆంక్షలే దారిపొడుగునా నాకు సబబుగా తోచాయి.

ఇక పులుసు సంగతి. వాలైలో ముళ్ళు తక్కువ, కొవ్వూ తక్కువ, మాంసం తెల్లగా మెత్తగా ఉంటుంది. అందుకని తోలుతోనే పెద్ద ముక్కలు కొయ్యాలి. ఉప్పు, పసుపు రాసి కడగాలి. ఉల్లిముద్ద నూనెలో ఎర్రగా వేయించి కారం, ధనియాలపొడి, చింతపండు పులుసు, నాలుగు బెండకాయలు, పచ్చిమిర్చి వేసి ముందు బాగా మరగనివ్వాలి. ముక్కలు చివర్లో వేసి పది నిమిషాలు ఉడికిస్తే చాలు. గరిటె పెట్టకండి, గిన్నెనే పట్టుకుని తిప్పండి. దించేముందు చిటికెడు మెంతిపొడి.

అమ్మాయి ఆ పూట కడుపునిండా తిన్నది. మర్నాడు మళ్ళీ కావాలంది కానీ నేను పెట్టలేదు. ఏటిలో పట్టిన చేప చూలాళ్ళు ఎంత తినచ్చో అక్కడి ప్రభుత్వం చెబుతుంది. ఆ సలహా లేనిచోట వారానికి ఒక్క పూటే తినాలి, ఆ వారం ఇంకే చేపా తినకూడదు. మే నెలలో మనవరాలు పుట్టింది. నల్లటి పెద్ద కళ్ళు! "వాలై కళ్ళు" అంటాడు అల్లుడు. నేను మాత్రం పులస కళ్ళంటాను!