జపానుభాషలో “ఎక్కడ?” యను ప్రశ్న

పరదేశమున నడుగిడిన గృహిణికి మొట్టమొదట గావలసిన మాట “ఎక్కడ?” యనునదియే. బియ్యమెక్కడ దొరకునో, వైద్యుడెక్కడ నుండునో స్వయముగా నడుగనేర్చిన స్త్రీ, భర్త కార్యాలయమునుండి వచ్చుదాక నెదురుచూడ నక్కఱలేదు. ఉద్యోగనిమిత్తమై మన తెలుగు కుటుంబములు నేడు జపానునకును బోవుచున్నవి. కావున నీ చిన్న ప్రశ్ననుగూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇక్కడ, అక్కడ, ఎక్కడ యని మనము తొలి యక్షరమును మార్చి చెప్పుదుము. జపానీయుల పద్ధతియు నిట్టిదే. వారికి కొకొ, సొకొ, అసొకొ, దొకొ యని నాలుగు మాటలు గలవు. పలుకువారికి దగ్గఱగా నున్న తావు కొకొ; వినువారి చెంత నున్నది సొకొ; ఇరువురికిని దూరమైనది అసొకొ; దొకొ యనగా నెక్కడ. మన “అక్కడ” వారికి రెండైనదని గుర్తుంచుకొన్న జాలును.

వాక్యముయొక్క నడకయు మనకు గొత్తగాదు. “ఎకి వా దొకొ దెస్ కా?” యన్నచో రైలుస్టేషను ఎక్కడ నని యర్థము. ఎకి యనగా స్టేషను, దేనినిగూర్చి యడుగుచున్నామో “వా” తెలుపును, తుదనున్న “కా”, మనము “వచ్చెనా?” యనునపుడు చేర్చు నాకారమువంటిది. ముందుగా “సుమిమాసెన్”, అనగా క్షమింపుడని, పలుకవలెను. దొకొకు మాఱుగా “దొచిర” యన్న మఱింత మర్యాద.

“ఉన్నది” యను క్రియను జేర్చి యడుగునపు డొక భేదమును బాటింపవలెను. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమును జదివినవారు మహదమహద్భేదము నెఱుగుదురు. మన భాషలో పురుషుడు “ఉన్నాడు”. స్త్రీయు, ఆవును, ఱాయియు నేకవచనమున “ఉన్నది”. జపానుభాష యీ గీతను వేఱొకచోట గీచినది. ప్రాణముండి కదలువానికెల్ల “ఇమస్”, తక్కినవానికి “అరిమస్”. తల్లి, బిడ్డ, పిల్లి, చేప మొదటి తెగవి. ఇల్లు, పుస్తకము, చెట్టు రెండవ తెగవి. అంగడివీధిలో బిడ్డ చేయి జాఱిపోయిన తల్లి “కొదొమొ వా దొకొ ని ఇమస్ కా?” యని యడుగవలెను. అరిమస్ అన్నచో బిడ్డను వస్తువులలో గలిపినట్లగును.

ఉచ్చారణమునందును జాగ్రత్త వలయును. “బ్యోయిన్” అన్న వైద్యశాల. “బియోయిన్” అన్న స్త్రీల కేశాలంకరణశాల! జ్వరముతో నున్న పిల్లవాని నెత్తుకొని పోవు తల్లి మొదటిదానిని “బ్యో” యని యొక్క యూపున బలుకవలెను.

ప్రశ్న నేర్చిన జాలదు, ప్రత్యుత్తరమును దెలియవలెను. మిగి కుడివైపు, హిదరి యెడమవైపు, మస్సుగు తిన్నగా. “ఎకి నొ మఎ” యన్న స్టేషనుకు ముందు. మాటల వరుస మనదే గదా!

ఆ దేశమున దారి యడుగుట నామోషి కాదు. అక్కడ ననేక వీధులకు బేళ్లే లేవు. పేటను భాగములుగాను, వానిని మఱల ఖండములుగాను విభజించి యంకెలు వేయుదురు. కావున చిరునామా చేతనున్నను, క్రొత్తవారికి ఇల్లు దొరకుట కష్టము. ఇందులకు “కోబన్” అను చిన్న పోలీసు ఠాణాలు తోడ్పడును. 1874లో టోక్యోలో మొదలైన యీ యేర్పాటు నేటికిని దేశమంతట నున్నది. అచటి యుద్యోగులు పటము చూపి దారి చెప్పుట నిత్యకృత్యము.

కావున ప్రయాణమునకు ముందే స్టేషను, వైద్యశాల, కోబన్ — ఈ మూడింటినిగూర్చి యడుగు వాక్యములను గంఠస్థము చేయుడు. మీ యింటి చిరునామాను జపాను లిపిలో వ్రాయించి సంచిలో నుంచుకొనుడు. పిల్లలకును నా వాక్యములను నేర్పుడు. వారు మనకంటె ద్వరగా బట్టుకొందురు.