కొలిచేదాన్ని కొలిచేదెవరు?

హైటెక్ సిటీ చెంత రాయదుర్గంలో, కొత్త వస్తువులకు తొలి నమూనాలు చేసుకునేవారి కోసం 2023లో టి-వర్క్స్ తలుపులు తెరచింది. అటువంటి చోట సొంతంగా వోల్టుమీటరు కట్టేవాడు ముందుగా శంకించవలసింది తన చేతిపనినే. 5 వోల్టులకు మించి తాళలేని చిప్పుతో 50 వోల్టులు కొలవాలంటే, పదివేల ఓముల రెసిస్టర్లు పది వరుసగా చేర్చి, చివరిదానిమీది వోల్టేజీని మాత్రమే చిప్పుకు అందించాలి. పదోవంతు వస్తుంది, లెక్క చక్కనిదే. కాని బంగారు చార గల రెసిస్టరు విలువ నూటికి 5 వంతులు అటో యిటో వుండవచ్చు గదా! నమ్మదగిన మరొక మీటరుతో పోల్చి దిద్దుకున్నప్పుడే ఆ అంకెకు విలువ.

1956లో ట్రాంబేలో అప్సర అణురియాక్టరు పనిచేయసాగినప్పుడు యింధనం బ్రిటన్‌ది. నియంత్రణ పరికరాలు మాత్రం అయ్యగారి సాంబశివరావుగారి బృందం యిక్కడే చేసినవి. అక్కడ ముల్లు అబద్ధమాడితే ప్రాణాలకే ముప్పు. ఆయన సారథ్యంలోనే 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలసింది, సైబర్ టవర్స్ లేచింది 1998లో.

మీటరు ఎక్కడైనా కొనవచ్చు. అది చెప్పేది నిజమో కాదో తేల్చుకొనే నేర్పు మాత్రం చేసి చూసినవానికే అబ్బుతుంది.